కప్‌బోర్డులకు హ్యాండిళ్లు, నాబ్‌లు: డ్రిల్లింగ్ జిగ్‌తో వరుస తప్పకుండా బిగించే పద్ధతి

[దృశ్యం: హన్మకొండలో ఒక కొత్త ఇంటి వంటగది. షట్టర్లన్నీ (కప్‌బోర్డు తలుపులు) బిగించి ఉన్నాయి, హ్యాండిళ్లు ఇంకా లేవు. గట్టు మీద హ్యాండిళ్లు, నాబ్‌లు, అల్యూమినియం జిగ్, ప్లైవుడ్ ముక్కలు.]

నమస్కారం. వంటగది చెక్కపనిలో హ్యాండిళ్ల వంతు చివరన వస్తుంది. అప్పటికే మైకా అంటించి, అంచులకు పట్టీ వేసి, షట్టర్లను కబ్జాలకు (తలుపు తిరిగే మడతబందులకు) ఎక్కించి ఉంటారు కనుక, ఈ దశలో ఒక్క రంధ్రం తప్పు చోట పడినా అది కంటికి ఎదురుగానే ఉంటుంది, దానిని పూర్తిగా కప్పిపుచ్చే ఉపాయం దాదాపు లేదు. అందుకే ఈ పనికి డ్రిల్లింగ్ జిగ్, అంటే రంధ్రం ఎక్కడ వేయాలో చూపే అచ్చు, వాడతారు. అయితే జిగ్ కొలవదు. మనం ఒకసారి పెట్టిన కొలతను ప్రతి షట్టర్ మీదా అలాగే తిరిగి పెడుతుంది. కొలత సరిగ్గా ఉంటే ఇరవై షట్టర్లూ సరిగ్గా వస్తాయి, తప్పుగా ఉంటే ఇరవైలోనూ అదే తప్పు వస్తుంది. కాబట్టి ఈ వీడియోలో ఎక్కువ సమయం డ్రిల్ పట్టుకోవడానికి ముందు చేసే పనికే కేటాయిస్తున్నాము.

[దృశ్యం: హ్యాండిల్‌ను వెనక్కి తిప్పి, రెండు మరల మధ్య స్కేలు పెట్టి చూపడం.]

మేస్త్రి: "సారూ, షాపుల నాలుగించుల హ్యాండిల్ అనే ఇచ్చిండ్రు."

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన వడ్రంగులు అంగుళాల్లో, సూత్‌లలో (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) కొలుస్తారు. హ్యాండిళ్లు మాత్రం మిల్లీమీటర్లలో తయారవుతాయి. ఐరోపా ఫర్నిచర్ తయారీలో రంధ్రాల వరుసలను 32 మిల్లీమీటర్ల ఎడంతో వేసే పద్ధతి స్థిరపడింది. హ్యాండిళ్ల కొలతలు ఎక్కువగా 96, 128, 160, 192, 224 అంటూ ఆ 32కు గుణిజాలుగా ఉండడం దానికి తగినట్టే. కౌంటర్ దగ్గర నాలుగు అంగుళాలు అని చెప్పే హ్యాండిల్ నిజానికి 96 మిల్లీమీటర్లది. నాలుగు అంగుళాలు అంటే 101.6. అంటే తేడా అయిదున్నర మిల్లీమీటర్లకు పైనే, సూత్ లెక్కన దాదాపు రెండు సూత్‌లు. ఆరు అంగుళాలదిగా చెలామణి అయ్యే 160లో తేడా ఏడున్నర దాటుతుంది. ఇంత తేడాతో స్క్రూ మరలోకి ఎక్కదు. కనుక పెట్టె మీది పేరును పక్కన పెట్టి, హ్యాండిల్ వెనుక ఒక రంధ్రం నడిమి నుంచి రెండవ రంధ్రం నడిమికి కొలవండి. నడిమిని కంటితో గుర్తించడం కష్టమనిపిస్తే, ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి రెండవ రంధ్రం ఎడమ అంచుకు కొలిచినా అదే కొలత వస్తుంది.

[దృశ్యం: జిగ్‌ను దగ్గరగా చూపడం. ఉక్కు గొట్టాలు, అంచుకు ఆనే పట్టీ.]

దుకాణంలో దొరికే జిగ్‌లో స్కేలు గీతలున్న ఒక అల్యూమినియం కడ్డీ, దాని మీద జరిగే రెండు ఉక్కు గొట్టాలు, షట్టర్ అంచుకు ఆనించే ఒక పట్టీ ఉంటాయి. డ్రిల్ బిట్ ఆ గొట్టంలోంచి నిలువుగా దిగుతుంది కాబట్టి పక్కకు జారదు. ఒక్క వంటగది కోసం దీన్ని కొనాలా అంటే, అక్కర లేదనే నా అభిప్రాయం. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క అంచుకు చిన్న రీపర్‌ను (సన్నని చెక్క పట్టీని) రెండు వైపులా పొడుచుకొని వచ్చేటట్టు బిగించి, కావలసిన చోట రెండు రంధ్రాలు వేసుకుంటే, అదే ముక్కను తిరగేసి కుడి షట్టర్‌కూ ఎడమ షట్టర్‌కూ వాడుకోవచ్చు. అయితే ఈ రంధ్రాలు నిటారుగా ఉండాలి, మూలమట్టంతో సరిచూసుకోండి. చెక్కలోని రంధ్రం వాడకంతో వదులవుతుంది, అందువల్ల ఇంటి పనికి ఇది చాలు గాని, రోజూ ఇదే పని చేసే మేస్త్రికి ఉక్కు గొట్టాలదే మేలు.

ఇక స్థానం. కింది వరుస షట్టర్లకు కబ్జా లేని వైపు పై మూలన, పై వరుస షట్టర్లకు కబ్జా లేని వైపు కింది మూలన పెట్టడం వాడుక. చేయి సహజంగా అక్కడికే పోతుంది. నాబ్ అయితే రెండు అంచుల నుంచీ 50 నుంచి 75 మిల్లీమీటర్ల దూరం చూడడానికి బాగుంటుంది. సొరుగులకు వెడల్పు నడిమిన పెడతారు. మూలన కలిసే రెండు కప్‌బోర్డుల దగ్గర మాత్రం తొందరపడకండి: ఒక సొరుగు బయటికి వస్తే పక్క షట్టర్ హ్యాండిల్ దానికి తగులుతుందేమో, ఫ్రిజ్ పక్కనున్న తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో హ్యాండిల్‌ను చేత్తో పట్టుకొని చూడండి. అంతకు ముందే కబ్జాల స్క్రూలు తిప్పి షట్టర్లన్నీ ఒకే మట్టానికి తెచ్చి ఉండాలి. జిగ్ షట్టర్ అంచును ఆధారం చేసుకుంటుంది, కాబట్టి షట్టర్ వంకరగా వేలాడితే హ్యాండిల్ కూడా అంతే వంకరగా కనిపిస్తుంది.

[దృశ్యం: పనికిరాని మైకా ముక్క మీద పరీక్షగా రంధ్రాలు వేసి, హ్యాండిల్ బిగించి చూడడం.]

జిగ్‌ను అమర్చాక మొదటి రంధ్రాలు షట్టర్ మీద కాదు, మిగిలిన ముక్క మీద వేయండి. హ్యాండిల్ రెండు స్క్రూలనూ చేత్తోనే తీసుకుంటే కొలత కుదిరినట్టు.

డ్రిల్ విషయంలో ఒక జాగ్రత్త. చాలా ఇళ్లలో ఉండేది గోడలకు వాడే డ్రిల్. దాని మీద సుత్తి గుర్తు ఉన్న మీటను తప్పనిసరిగా మామూలు డ్రిల్ గుర్తుకు తిప్పండి, గోడ బిట్‌ను తీసేసి కలప బిట్ పెట్టండి. హ్యాండిళ్లకు సాధారణంగా వచ్చే ఎం4 స్క్రూ మందం 4 మిల్లీమీటర్లు, దానికి 4.5 లేదా 5 మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది. రంధ్రం పడే చోట మాస్కింగ్ టేపు అంటించి, వెలుపలి వైపు నుంచి లోపలికి వేయండి. షట్టర్ వెనుక ఒక చెక్క ముక్కను క్లాంపుతో గట్టిగా అదిమి ఉంచితే, బిట్ బయటపడే చోట లోపలి మైకా పెచ్చులూడదు. అక్రిలిక్ షట్టర్లకు వేగం బాగా తగ్గించాలి, లేకుంటే వేడికి అక్రిలిక్ మెత్తబడి బిట్‌కు చుట్టుకుంటుంది. మన ఎండాకాలంలో టేపును రాత్రంతా వదిలేస్తే జిగురు మైకాకు అంటుకుపోతుంది, పని కాగానే తీసేయండి.

[దృశ్యం: షట్టర్ మందం కొలిచి, పక్కన వేర్వేరు పొడవుల స్క్రూలు పెట్టడం.]

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు బయటి మైకా, లోపలి మైకా కలిపితే మందం 20 దాకా వస్తుంది. 25 మిల్లీమీటర్ల స్క్రూ వేస్తే 5 మిల్లీమీటర్లు హ్యాండిల్‌లోకి పోతుంది, అది సరిపోతుంది. 35 వేస్తే స్క్రూ మొన హ్యాండిల్ అడుగుకు తగిలి ఆగిపోతుంది. తిప్పే చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది గాని హ్యాండిల్ ఊగుతూనే ఉంటుంది. పెట్టెకు ముందు విడిగా పలక బిగించిన సొరుగులకు రెండు పొరల మందం ఉంటుంది కనుక 45 మిల్లీమీటర్ల స్క్రూ అవసరం పడవచ్చు. పాత ఇళ్లలోని టేకు అల్మారాల తలుపులు ఇంకా మందంగా ఉంటాయి, వాటికి కొలిచి తెచ్చుకోవడం తప్ప లెక్క చెప్పలేము.

చివరి బిగింపు చేతి స్క్రూడ్రైవర్‌తోనే చేయండి, డ్రిల్‌తో బిగిస్తే హ్యాండిల్‌లోని మెత్తని లోహపు మర అరిగిపోతుంది. రెండవ స్క్రూ కొద్దిగా ఎక్కకపోతే బలవంతంగా తిప్పకుండా, ఆ రంధ్రాన్ని లోపలి వైపు నుంచి 5.5 బిట్‌తో వెడల్పు చేయండి. స్క్రూ తల దానిని కప్పేస్తుంది. అంతకన్నా ఎక్కువ తప్పితే పాత రంధ్రాలను కప్పే వెనుక పలక ఉన్న హ్యాండిల్‌ను ఎంచుకోవడం ఒక దారి, మైకా రంగుకు కలిసే మైనపు పూత పూయడం రెండవది. ముదురు రంగుల మీద పూత బాగానే కలిసిపోతుంది, మెరిసే తెలుపు మీద మాత్రం పగటి వెలుగులో తెలిసిపోతుంది.