ఆడవాళ్లకు రోజుకు ఎన్ని కేలరీలు కావాలి?

అక్కలకు, చెల్లెళ్లకు, పెద్దమ్మలకు నమస్కారం.

పోయిన నెల మీ సంఘంలోనే ఒక అమ్మాయి ఫోన్ చూపించి, "మేడం, ఆడవాళ్లు రోజుకు 1200 కేలరీలే తినాలంట, నిజమేనా?" అని అడిగింది. తెల్లారి ఐదింటికి లేచి వంట చేసి, తొమ్మిదికల్లా మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే పిల్ల. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

రండి, లెక్క చూద్దాం. బరువు కిలోల్లో పదితో, ఎత్తు సెంటీమీటర్లలో 6.25తో హెచ్చవేసి రెండూ కలపండి. వయసును అయిదుతో హెచ్చవేసి అందులోంచి తీసేయండి. ఇంకో 161 తీసేయండి. 55 కిలోలు, 152 సెంటీమీటర్లు, 35 ఏళ్లు అయితే 1164 వస్తుంది. ఇది మంచం దిగకపోయినా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒళ్లు వెచ్చగా ఉండడానికి అయ్యే ఖర్చు. ఫోన్ చెప్పిన 1200 ఇంచుమించు ఇంతే! మరి నాట్లకు శక్తి ఎక్కడి నుంచి రావాలి?

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో, 55 కిలోల స్త్రీ కూర్చుని పని చేస్తే 1660, ఒక మోస్తరు పనికి 2130, బరువు పనికి 2720 కేలరీలు కావాలి. ఆ పిల్లకు 1200 ఏ మూలకు?

కడుపుతో ఉంటే ఇంకో 350 కలపాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ 600, తర్వాతి ఆరు నెలలూ 520. చూశారా, కడుపుతో ఉన్నప్పటికంటే బాలింతకే ఎక్కువ. మనం చేసేది దీనికి తలకిందులు. నా మొదటి కాన్పులో పథ్యం అని మా ఇంట్లో ఇరవై రోజులు వెల్లుల్లి కారంతో నాలుగు ముద్దలే పెట్టారు. పిల్లకు పాలిచ్చి లేస్తే కళ్లు తిరిగేవి. ప్రేమతోనే పెట్టారు, కానీ ఆకలి తీరలేదు. మీ కోడళ్లకు, కూతుళ్లకు అలా చేయకండి. పప్పు, గుడ్డు, పాలు, కడుపునిండా అన్నం పెట్టండి.

కుట్టుమిషన్ దగ్గరో, కొట్టులోనో కూర్చునేవాళ్లు బరువు పెరుగుతుంటే ముందు నూనె చూసుకోండి. మనిషికి నెలకు లీటరు వాడితే, రోజుకు దాదాపు 270 కేలరీలు నూనెలోంచే వస్తాయి.

వెనకాల బరువు మిషన్, ఎత్తు కొలిచే టేపు పెట్టించాను. ఒక్కొక్కరే రండమ్మా, ఎవరి లెక్క వాళ్లకు రాసిస్తాను.