చర్చ: గద్దర్ పాట ఎలా పనిచేసింది?

వ్యాఖ్యాత: నమస్కారం. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్ ఎలా అయ్యారు, ఆయన పాట జనంలోకి అంత లోతుగా ఎలా దిగింది అన్నది ఇవాళ్టి చర్చ. జానపద పరిశోధకురాలు, సీనియర్ పాత్రికేయుడు, డప్పు శిక్షకుడు మనతో ఉన్నారు. మేడమ్, ‘బండెనక బండి కట్టి’ గద్దర్ రాసిందేనని చాలామంది అనుకుంటారు కదా?

పరిశోధకురాలు: కాదండి. అది తెలంగాణ సాయుధ పోరాటం నాటి పాట. కట్టింది బండి యాదగిరి. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడి, ఆడి దాన్ని కొత్త తరానికి అందించారు. ఆయన పనితీరు అందులోనే కనిపిస్తుంది. జనం నోట ఉన్నదాన్ని తీసుకుని, ఇవాళ్టి మాట ఎక్కించి, మళ్లీ జనానికే ఇస్తారు. ఉయ్యాల పాట, దంపుడు పాట, ఒగ్గుకథ, బుర్రకథ... వినేవాళ్లకు బాణీ ముందే తెలుసు కాబట్టి చెవి మొత్తం మాట మీదే ఉంటుంది. పల్లవి రెండోసారి వచ్చేసరికి వంత వాళ్లే అందుకుంటారు.

వ్యాఖ్యాత: ఆయన బ్యాంకు ఉద్యోగం కూడా చేశారు కదా, ఆ రోజుల సంగతి?

పాత్రికేయుడు: బి. నర్సింగరావు ‘ఆర్ట్ లవర్స్’ బృందంతో 1970ల మొదట్లో మొదలయ్యారు. అక్కడినుంచే నక్సలైటు ఉద్యమ సాంస్కృతిక బృందం జన నాట్య మండలి వచ్చింది. గద్దర్ అన్న పేరు, బ్రిటిష్ పాలనపై పోరాడేందుకు ప్రవాస భారతీయులు పెట్టిన 1913 నాటి గదర్ పార్టీ నుంచి తీసుకున్నది. 1975లో కెనరా బ్యాంకులో చేరి, 1984లో రాజీనామా చేశారు. మరుసటి ఏడాది జూలైలో కారంచేడులో దళితుల ఊచకోత. దానిపై ఊరూరా గొంతెత్తారు. తర్వాత అజ్ఞాతం. 1990లో బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడితే నేల ఈనినట్టు జనం వచ్చారు.

వ్యాఖ్యాత: సార్, వేదిక మీద డప్పు పని ఏమిటి?

డప్పు శిక్షకుడు: జనాన్ని పిలిచేదీ అదే, పాటను నిలబెట్టేదీ అదే. గుండ్రటి చెక్క చట్రానికి మేక తోలు, చింతగింజల జిగురుతో అంటిస్తరు. కుడిచేతిల లావుపాటి కర్ర, దాన్ని చిర్ర అంటరు. ఎడమచేతిల సన్నటి సిటికెన పుల్ల. రాత్రి సభల్లో అసలు కష్టం మంచుతోని. తోలు సడలి శబ్దం బొద్దుగ అయితది. అందుకే పక్కన గడ్డి మంట పెట్టి కాగబెట్టాలె. దగ్గర పెట్టి వదిలేస్తే తోలు పగులుతది, లేకుంటే అంచుకాడ జిగురు లేస్తది. తిప్పుకుంట తిప్పుకుంట వేడి చెయ్యాలె, నడుమ నడుమ కొట్టి చూడాలె.

వ్యాఖ్యాత: ఇప్పుడు ప్లాస్టిక్ డప్పులు వచ్చాయి కదా?

డప్పు శిక్షకుడు: వచ్చినయి. వాన పడ్డా సడలవు. కానీ వాటి మోత సన్నగ, పదునుగ ఉంటది. మైకు దగ్గర పెడితే పాటగాని గొంతును మింగేస్తది. కొత్త బృందాలు చేసే తప్పు ఇదే. చరణం నడిచేటప్పుడు చిర్ర దెబ్బ తగ్గించాలె, పల్లవి మీద పెంచాలె. డప్పు వాయించేటోళ్లు పాడేటోళ్ల మైకుకు నాలుగడుగులు వెనక నిలబడాలె. మొత్తం ఒకటే జోరుగ కొడితే ఊపు ఉంటది, మాట పోతది. మాట పోయినంక ప్రచారం ఎక్కడిది?

పరిశోధకురాలు: ఆయన్ను అనుకరించేవాళ్లు గోచి, గొంగడి, గజ్జెలు, చేతికర్ర తెచ్చుకున్నారు కానీ వాక్యం పొడవు గమనించలేదు. గద్దర్ చరణాల్లో ఒక పంక్తికి ఒకే దృశ్యం ఉంటుంది. అనుకరించేవాళ్లు పథకం పేరు, అంకె, నాయకుడి పేరు మూడూ ఒకే పంక్తిలో కుక్కుతారు. ఊపిరి చాలదు. పైగా చరణాల మధ్య ఆయన పాట ఆపి మాట్లాడేవారు, ఆ ఊరి సంగతి చెప్పి మళ్లీ ఎత్తుకునేవారు. రికార్డింగుల్లో ఆ మాటలు కోసేస్తే సగం పాటే మిగులుతుంది.

వ్యాఖ్యాత: వేదిక దిగాక ఆయన చేసిన పని గురించి?

పాత్రికేయుడు: ఎన్‌కౌంటర్లలో చనిపోయినవాళ్ల శవాలను కుటుంబాలకు అప్పగించాలని పోరాడారు. గుర్తుతెలియని శవం అని రాసి అక్కడే ఖననం చేస్తే తల్లికి కడచూపు కూడా ఉండదు. కాబట్టి వార్త రాగానే ఊరు కనుక్కోవాలి, రక్తసంబంధీకులను మార్చురీకి తేవాలి, వాళ్లు గుర్తుపట్టాలి, పోస్టుమార్టం అయ్యాక శవం తీసుకుని ఊరికి చేర్చాలి. ఎక్కడ ఆలస్యమైనా చేజారిపోతుంది. బూటకపు ఎన్‌కౌంటర్లపై గట్టిగా మాట్లాడుతున్న ఆ రోజుల్లోనే, 1997 ఏప్రిల్ 6న, ఆయన ఇంటి దగ్గర కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులో చివరిదాకా ఉండిపోయింది. 2004లో ప్రభుత్వంతో శాంతి చర్చలకు విప్లవ రచయితలు వరవరరావు, కల్యాణరావులతో పాటు నక్సలైట్ల తరఫు ప్రతినిధిగా వెళ్లారు.

వ్యాఖ్యాత: ఆయుధ పోరాటాన్ని కీర్తించిన గొంతు 2018లో మొదటిసారి ఓటు వేసింది. దీన్నెలా చూడాలి?

పాత్రికేయుడు: రెండూ దాచకుండా చెప్పాలి. తుపాకీ పట్టినవాళ్లను ఆయన కీర్తించారు. ఆ దారిలో రెండువైపులా ప్రాణాలు పోయాయి. ఆ ప్రశ్న గద్దర్‌ను అడగకుండా అభిమానం చూపితే అది చరిత్ర కాదు. తర్వాత రాజ్యాంగం చేతబట్టి, ఓటు అడిగి, 2023 జూన్‌లో పార్టీ కూడా ప్రకటించారు. ఆగస్టు 6న కన్నుమూశారు.

పరిశోధకురాలు: మీరు చెప్పింది కాదనను. కానీ ఆయన పాటంతా తుపాకీ చుట్టూ తిరగలేదు. ‘ఒరేయ్ రిక్షా’ సినిమాకు రాసిన ‘మల్లెతీగకు పందిరివోలె’లో ఉన్నది అన్నాచెల్లెళ్ల ప్రేమే. దానికి నంది అవార్డు వస్తే వద్దన్నారు. తెలంగాణ ఉద్యమంలో ‘పొడుస్తున్న పొద్దు మీద’ పాడింది పార్టీల గీత దాటిన జనం.

వ్యాఖ్యాత: ఈ పాటలను ఇప్పుడు ఎలా భద్రపరచాలి?

పరిశోధకురాలు: ఒక్క పాఠాన్ని అసలైనదని అచ్చువేయడం పొరపాటు. సభను బట్టి చరణాలు మారేవి. ప్రతి రికార్డుకూ ఊరు, తేదీ, సందర్భం, వంత పాడినవాళ్ల పేర్లు రాయాలి. పాత క్యాసెట్లు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే టేపు అతుక్కుంటుంది. నేరుగా ప్లే నొక్కితే తెగవచ్చు. ముందు చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. బూజు ఉంటే ఇంట్లో ప్రయత్నించకుండా తెలిసినవాళ్లకు ఇవ్వాలి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మొదటి ప్రతిలో రొద తీసేయకూడదు, అలాగే ఉంచాలి.

డప్పు శిక్షకుడు: అవును మేడమ్, రొద అని తీసేస్తే సిటికెన పుల్ల సప్పుడు కూడ దాంతోనే పోతది.