గుజ్జు అరిగిందన్నారని మంచమెక్కకండి

అందరికీ నమస్కారమండి. ఊడ్పులు మొదలైతే మీరెవరూ దొరకరని ఈ వారమే రమ్మన్నాను. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు మొహమాటపడకుండా కుర్చీల్లో కూర్చోండి, అరుగు మీద వద్దు.

నేను ఫిజియోథెరపీ చేస్తాను. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు ముందు చెప్పే మాట, "గుజ్జు అరిగిపోయిందంట బాబూ, ఇంక నడవొద్దన్నారు" అని. మా అమ్మకీ ఒకచోట ఇలాగే చెప్పారు. ముప్పై ఏళ్లు బురదలో వంగి నాట్లేసిన మనిషి, ఆ ఒక్క మాటతో కాలవ గట్టు మీద నడక మానేసింది, రేవుకి వెళ్లడం మానేసింది, ఏడాది తిరిగేసరికి తొడలు సన్నబడిపోయి మంచం మీంచి లేవాలంటే ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. నేనప్పుడు ఇంకా చదువుకుంటున్నాను, నాకూ తెలియలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

అసలు గుజ్జంటే ఏంటో చెబుతాను. కీలులో ఎముకల చివర నున్నటి పొర ఉంటుంది, దాన్నే మృదులాస్థి అంటారు. దానికి రక్తనాళాలు లేవు. మరి తిండెలాగ? కీలు లోపలుండే జిగురు ద్రవమే దాని తిండి. అడుగేస్తే పొర నొక్కుకుంటుంది, కాలెత్తితే వదులవుతుంది, అలా ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. నడక ఆపేస్తే ఆ తిండి తగ్గిపోతుందండి. ఆ పొరకి నరాలు కూడా లేవు, నొప్పి వచ్చేది దాని కిందున్న ఎముక నుంచీ, కీలు చుట్టూ ఉన్న తిత్తి నుంచీ. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టున్నా హాయిగా తిరిగేవాళ్లున్నారు, ఎక్స్‌రే బాగానే ఉండి రాత్రుళ్లు నిద్రపట్టనివాళ్లూ ఉన్నారు.

గుజ్జు అరగడానికి వయసు, బరువు, పాత దెబ్బ, వంశం, ఇవన్నీ కారణాలే. ఆడవాళ్లకి ముట్లాగాక ఎక్కువవుతుంది. మన డెల్టాలో దీనికి తోడు గొంతుక్కూర్చుని చేసే పని, ధాన్యం బస్తాల మోత. పొలం పని మానలేం గానీ ఇంట్లో కొన్ని మార్చుకోవచ్చు. కత్తిపీట ముందు గంటసేపు కూర్చునే బదులు బల్ల మీద చాకుతో తరుక్కోండి, కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి పెట్టించుకోండి. చేతికర్ర పట్టుకునేవాళ్లు నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోండి, చాలామంది తిరగేసి పట్టుకుంటారు.

బరువు సంగతి. మోకాళ్ల నొప్పులున్న స్థూలకాయుల మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2005లో అచ్చయింది. ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గిందని అందులో తేలింది. 3 కిలోలు తగ్గినా ఎంత తేడానో చూడండి. పూటపూటా అన్నం కొంచెం తగ్గించి, కూరా పప్పూ పెంచండి.

మందుల దగ్గర జాగ్రత్త. మోకాలి నొప్పికి ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. నొప్పి బిళ్లలు షాపులో అడిగి నెలలతరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ ఉన్నవాళ్లకి మరీ ముప్పు. కీలులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుంది, కానీ మాటిమాటికీ వేయించుకుంటే గుజ్జుకే నష్టం. పొద్దున్న లేవగానే బిగుసుకుపోయిన కీళ్లు అరగంటలోపే వదులయితే మామూలుగా ఈ గుజ్జు అరిగే జబ్బే. గంట దాటినా బిగుతు పోకపోతే, వేళ్ల కణుపులు వాస్తే, కీలు ఎర్రబడి జ్వరమొస్తే అది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇవన్నీ నెలలపాటు నిజంగా చేసినా నొప్పి నిద్రపోనివ్వకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవచ్చు, దానికి భయపడకండి. మార్చిన మోకీళ్లలో నూటికి 80కి పైగా 25 ఏళ్లు నిలుస్తున్నాయని విదేశీ లెక్కలున్నాయి. అయితే ఆపరేషన్‌కి వెళ్లేముందు కూడా తొడ కండరం గట్టిపడాలి.

మా అమ్మ ఆ తొడ కండరం గట్టిపడే వ్యాయామం రెండు నెలలు రోజూ చేశాక తనంతట తను రేవు దాకా వెళ్లొచ్చింది. వ్యాయామం చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటుంది, ఫర్వాలేదు. మర్నాటికి కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించండి, మానకండి. రండి, ఇప్పుడే మొదలుపెడదాం. కుర్చీలో వెనక్కి ఆనుకోండి. కుడికాలు నిటారుగా చాపి, మోకాలు బిగించి, అయిదు లెక్కపెట్టేదాకా ఆపండి. ఒకటి... రెండు... పిన్నిగారూ, ఊపిరి బిగపట్టొద్దండి, మెల్లగా వదలండి.