ఏసీసీలోకి ఇంకా కొత్త కాలేజీలా? డల్లాస్ స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం కాలేజీ క్రీడల సంగతి మాట్లాడుకుందాం. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, అందరూ ఏసీసీ అంటారు. కాన్ఫరెన్స్ అంటే ఒకదానితో ఒకటి పోటీ పడే కాలేజీల కూటమి. పేరులోనే అట్లాంటిక్ తీరం ఉంది కానీ 2024 నుంచి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, మన ఊళ్ళోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ (ఎస్‌ఎంయూ) కూడా అందులోనే ఆడుతున్నాయి. మొత్తం 18 కాలేజీలు అయ్యాయి. ఇంకా చేర్చుకోవాలా, ఇక చాలా? స్టూడియోలో ముగ్గురున్నారు. కాలేజీ క్రీడల మీద ఏళ్ళుగా రాస్తున్న విశ్లేషకులు, ఎస్‌ఎంయూ పూర్వ విద్యార్థి, పడమటి తీరంలో కాలేజీ వాలీబాల్ ఆడుతున్న అమ్మాయి తల్లి. సార్, ముందు మీరు.

విశ్లేషకుడు: 1953లో ఏసీసీ పెట్టినప్పుడు ఏడు కాలేజీలండీ. అందులో నాలుగు నార్త్ కరోలినాలోనివే. డ్యూక్, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా (యూఎన్‌సీ), నార్త్ కరోలినా స్టేట్, వేక్ ఫారెస్ట్. ఇప్పుడు మనవాళ్ళు క్యారీ, మోరిస్‌విల్ అంటూ ఇళ్ళు కొంటున్నారే, నాలుగూ అప్పట్లో ఆ చుట్టుపక్కలే. పక్క ఊరి పోటీ అంటే ఎలా ఉంటుందో మనకు తెలిసిందేగా, ఏసీసీకి ప్రాణం అదే.

వ్యాఖ్యాత: అలాంటిది కాలిఫోర్నియా దాకా ఎందుకు వెళ్ళింది?

విశ్లేషకుడు: టీవీ డబ్బు. క్రీడల ఛానల్ ఈఎస్‌పీఎన్‌తో ఒప్పందం 2036 దాకా ఉంది. కొత్త కాలేజీ చేరితే దాని వాటా కూడా ఈఎస్‌పీఎన్ కట్టాలి. ఎస్‌ఎంయూ తొమ్మిదేళ్ళు టీవీ వాటా వద్దంది. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ మొదటి ఏడేళ్ళు 30 శాతంతో సరిపెట్టుకుంటామన్నాయి. మిగిలింది పాతవాళ్ళకు. అయినా 2023 సెప్టెంబరు 1న ఓటింగ్ పెడితే ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, యూఎన్‌సీ వ్యతిరేకించాయి. 15లో 12 ఓట్లు కావాలి, సరిగ్గా 12 వచ్చాయి.

పూర్వ విద్యార్థి: తొమ్మిదేళ్ళు డబ్బు వద్దనడానికి కారణం కూడా చెప్పాలి సార్. 1987లో మా ఫుట్‌బాల్ జట్టు (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) మీద నిషేధం పడింది. ఆటగాళ్ళకు చాటుగా డబ్బిచ్చారన్నది నేరం. తప్పు మాదే, కాదనను. తర్వాత 1996లో మా సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సే రద్దయింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, బేలర్, టెక్సస్ టెక్ బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌కి వెళ్ళాయి, మమ్మల్ని పెద్ద కాన్ఫరెన్స్ ఏదీ పిలవలేదు. అప్పటి నుంచి గుమ్మం బయటే. పిలిచాక ఏం జరిగిందో చూశారుగా? 2024లో ఏసీసీలో ఎనిమిదికి ఎనిమిదీ గెలిచాం. ఫైనల్లో క్లెమ్సన్ మీద 34-31తో ఓడాం, అదీ చివర్లో 56 గజాల ఫీల్డ్ గోల్‌తో, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని. అవకాశమిస్తే నిలబడే కాలేజీలు ఇంకా ఉన్నాయి. తలుపు వేసెయ్యమని నేనెలా అంటాను?

తల్లి: తమ్ముడూ, మీ సంతోషం నాకు అర్థమవుతోంది. కానీ మీరు చెప్పిందంతా ఫుట్‌బాలే. వాళ్ళు వారానికి ఒక్క మ్యాచ్ ఆడతారు, బయటి ఊళ్ళలో సీజనంతా కలిపి ఐదో ఆరో. మా అమ్మాయి వారానికి రెండు ఆడుతుంది.

వ్యాఖ్యాత: ఏ కాలేజీ అండీ?

తల్లి: పేరు వద్దండి. అక్కడి కోచ్‌లు మంచివాళ్ళే. మొన్న అక్టోబరులో తూర్పున మ్యాచ్ ఆడి తిరిగొచ్చింది. మూడు గంటల టైమ్ తేడా. తెల్లవారుజామున హాస్టల్‌కు చేరి వీడియో కాల్ చేసింది. మోకాలి మీద ఐస్ బ్యాగ్, ఒళ్ళో ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం, పొద్దున తొమ్మిదికి పరీక్ష. "అమ్మా, ఏం మాట్లాడొద్దు, అలా చూస్తూ ఉండు చాలు" అంది. మాట్లాడుతూ ఉంటే నిద్ర వచ్చేస్తుందట. అలాగే చూస్తూ కూర్చున్నాను.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

వ్యాఖ్యాత: సార్, దీనికి జవాబుందా?

విశ్లేషకుడు: ఉందండీ, ఏసీసీ చేతిలోనే ఉంది. నోట్ర్ డేమ్‌ను చూడండి. 2013 నుంచి ఏసీసీలోనే ఉంది, ఫుట్‌బాల్ మాత్రం స్వతంత్రం. అంటే ఫుట్‌బాల్‌ను విడదీయవచ్చని వీళ్ళే ఒప్పుకున్నట్టు. దాన్నే తిరగేయండి. ఫుట్‌బాల్ ఏసీసీలో, వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ దగ్గర్లోని కాలేజీలతో.

పూర్వ విద్యార్థి: దగ్గర్లో ఎవరు మిగిలారు సార్? 2024 నాటికి పడమటి తీరపు పాక్-12 కాన్ఫరెన్స్ నుంచి పది కాలేజీలు వెళ్ళిపోయాయి. ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఆ రోజు ఏసీసీని వద్దంటే మూడో నాలుగో అయ్యేవి. ప్రయాణం కష్టమే, కాన్ఫరెన్సే లేకపోవడం ఇంకా కష్టం.

తల్లి: (మధ్యలో అందుకుంటూ) పాక్-12ను కూల్చింది వాలీబాల్ పిల్లలా? పారిస్ ఒలింపిక్స్‌లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 39 పతకాలు తెచ్చారు. అందులో ఒక్కటైనా ఈ ఫుట్‌బాల్‌ది ఉందా? డబ్బు తెచ్చే ఆట ఒకటి, విమానాల్లో నలిగేది మిగతా ఆటలన్నీ.

వ్యాఖ్యాత: నిజం చెప్పాలంటే నేనూ ఈవిడ వైపే ఉన్నాను. అయినా అడుగుతాను సార్. ఇంకో నలుగురిని చేర్చుకుంటే ఏసీసీ బలపడుతుందా?

విశ్లేషకుడు: నాకు అనుమానమే. ముగ్గురిని చేర్చుకున్నా అసంతృప్తి ఆగలేదు. ఫ్లోరిడా స్టేట్ 2023 డిసెంబరులో కోర్టుకెక్కింది, తర్వాత క్లెమ్సన్. 2025 మార్చిలో రాజీ పడ్డారు. టీవీలో ఎక్కువమంది చూసే జట్లకు ఎక్కువ వాటా. బయటికి పోవాలంటే కట్టాల్సింది ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకు దిగుతుంది. అప్పుడు పెద్దవాళ్ళు లేచిపోతారేమోనన్న భయంతోనే ఇప్పటి నుంచి సీట్లు నింపాలంటున్నారు. ఖాళీ సీటు నింపడానికి పిలిచిన కాలేజీ కోసం రేపు టీవీ పెట్టి కూర్చునేదెవరు?

పూర్వ విద్యార్థి: మా కోసం కూర్చున్నారు సార్.

విశ్లేషకుడు: కూర్చున్నారు, ఒప్పుకుంటాను. మీరు గెలిచారు కాబట్టి.

వ్యాఖ్యాత: సరే, ఓటు వేయాల్సి వస్తే?

విశ్లేషకుడు: ఫుట్‌బాల్‌కు మాత్రమే అయితే చేర్చుకోమంటాను. అన్ని ఆటలకూ అయితే వద్దు.

పూర్వ విద్యార్థి: నేను చేర్చుకోమనే అంటాను. కాకపోతే మిగతా ఆటలు మధ్యలో, మా డల్లాస్‌లో పెట్టండి. తూర్పువాళ్ళూ పడమటివాళ్ళూ ఇక్కడికొచ్చి ఒకే వారాంతంలో మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడేసి వెళ్ళొచ్చు. సగం దూరం తగ్గుతుంది.

తల్లి: అది బావుంది. నిజంగా బావుంది. కానీ ఆదివారం రాత్రికి పిల్లలు హాస్టల్‌లో ఉండాలని రూల్ పుస్తకంలో రాయించండి తమ్ముడూ. నోటిమాటగా వద్దు.

వ్యాఖ్యాత: అమ్మాయి తర్వాతి మ్యాచ్ ఎక్కడండీ?

తల్లి: శుక్రవారం, తూర్పునే. సోమవారం ల్యాబ్ ఉంది.