ఎయిర్ పిస్టల్‌కు ఇంట్లో చేసుకోదగ్గ ఒక్క రిపేరు

శ్రోతలందరికీ నమస్కారం.

పిస్టల్ అనంగనే ఇంట్లో పెద్దవాళ్లు రేడియో కట్టేయకండి. ఈరోజు నేను మాట్లాడేది మందుగుండుతో పేలే పిస్టల్ గురించి కాదు. ఎయిర్ పిస్టల్ గురించి. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును పది మీటర్ల దూరంలో ఉన్న గురి మీదికి పంపే ఆటసామాను అది. మన నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు పిల్లలు ఎన్‌సీసీ క్యాంపుల్లో మొదటిసారి రైఫిల్ పట్టుకుంటారు. కొందరికి అక్కడే గురి మీద మనసు పడుతుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చిన తర్వాత ఆ మనసు ఇంకాస్త గట్టిపడింది. అమ్మానాన్నలు అప్పో సప్పో చేసి పిస్టల్ కొనిస్తున్నారు. కొన్నదాన్ని కాపాడుకోవడం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పడం లేదు. అందుకే పిస్టల్‌లో గాలి నిలవకపోతే ఇంట్లోనే చేసుకోదగ్గ ఒక్క రిపేరు ఈరోజు చెప్తాను.

లైసెన్సు తుపాకుల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం వాటి రిపేరు లైసెన్సు ఉన్నవాళ్ల పని. వాటి జోలికి మనం పోవద్దు.

ఇప్పుడు టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్దాం. 2021 జులై 25. మహిళల పది మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ. 60 గుండ్లు, 75 నిమిషాలు. మన మనూ భాకర్‌కు అప్పుడు 19 ఏళ్లు. బాగానే కొడుతోంది. మధ్యలో పిస్టల్ మొరాయించింది. చూస్తే కాకింగ్ లివర్ విరిగింది. ప్రతి గుండుకూ ముందు వెనక్కి లాగే చిన్న పిడి అది. కోచ్‌తో కలిసి బయటికి వెళ్లి రిపేరు చేయించుకొని రావాల్సి వచ్చింది. గడియారం మాత్రం ఆగలేదు. పావుగంటకు పైగా పోయింది. పోయిన సమయం పోయినట్టే. తిరిగొచ్చాక ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోలేదు. మిగిలిన గుండ్లన్నీ మిగిలిన టైములో కొట్టింది. 575 పాయింట్లు, 12వ స్థానం. ఫైనల్‌కు ఎనిమిది మందే వెళ్తారు.

మూడేళ్ల తర్వాత, 2024లో పారిస్‌లో, అదే పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్ షూటింగ్‌లో పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. రెండు రోజులకు సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి ఇంకో కాంస్యం. ఆ పతకాల కథ అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆ విరిగిన లివరే ఎక్కువ గుర్తుంటుంది. ప్రపంచస్థాయి షూటర్, వెంట కోచ్, అయినా ఒక చిన్న భాగం ఆమెను ఆపేసింది. మరి మన జిల్లాల్లో పిస్టల్ మొరాయిస్తే? బాగుచేసే మనిషి కోసం హైదరాబాద్ పోవాలి. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు. ఒక రోజు బడి పోతుంది, ఒక రోజు కూలీ పోతుంది.

పిల్లలు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే ఫిర్యాదు ఒకటే. "సార్, గాలి నిలుస్తలేదు." పిస్టల్‌కు బిగించే గాలి సిలిండర్ మీద ఒత్తిడి చూపే ముల్లు రాత్రి 200 దగ్గర ఉంటుంది, పొద్దున చూస్తే 120. ఈ ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. కారు టైరులో గాలి దాదాపు రెండు బార్లు ఉంటుంది, ఈ సిలిండర్‌లో 200 బార్లు. ఆ గాలిని ఆపేది వేలి గోరంత రబ్బరు రింగు. దాన్నే ఓరింగు అంటాం. ఎండిపోయినా, గీత పడినా, దుమ్ము చేరినా గాలి దిగిపోతుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. సిలిండర్‌ను పిస్టల్ నుంచి విప్పి, విడిగా ఒక రాత్రి చల్లటి గదిలో పెట్టండి. పడుకునే ముందు ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. పొద్దున అది విడిగా ఉన్నప్పుడు కూడా దిగిపోయి ఉంటే తప్పు సిలిండర్ వాల్వుది. ఆగండి, దాన్ని ఇంట్లో విప్పొద్దు. మళ్లీ చెప్తున్నాను, సిలిండర్ వాల్వు ఇంట్లో విప్పొద్దు. విడిగా ఉన్నప్పుడు ముల్లు కదలకుండా, పిస్టల్‌కు బిగించినప్పుడే దిగుతుంటే మాత్రం ముందు అనుమానించాల్సింది ఆ రెండూ కలిసే చోట ఉన్న ఓరింగును. ఇది మన చేతిలో పని.

పిస్టల్‌లో గుండు లేదని చూసుకోండి. ఒక్కసారి కాదు, రెండుసార్లు. కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతిలో గాలి మొత్తం వదిలేయండి. సిలిండర్ విప్పండి. పాత రింగును పిన్నుతో, సూదితో తీయొద్దు. ఇనుము తగిలితే లోపలి గాడి గీసుకుపోతుంది, ఆ గీత ఉన్నన్నాళ్లూ ఎన్ని రింగులు మార్చినా గాలి నిలవదు. పళ్లు కుట్టుకునే చెక్కపుల్ల చాలు. కింద తెల్లటి బట్ట పరచండి, రింగు ఎగిరిపడ్డా కనబడుతుంది. గాడిని పొడి నూలుబట్టతో తుడవండి. కొత్త రింగుకు సిలికాన్ గ్రీజు కాస్త, మెరుపు కనబడేంత మాత్రమే రాసి, మెలి పడకుండా వేలితో సర్ది కూర్చోబెట్టండి. సిలిండర్ చేత్తోనే బిగించండి. పానా అక్కర్లేదు.

ఆ గ్రీజు దగ్గరే చాలామంది తొందరపడతారు. కుట్టుమిషన్ నూనె ఉంది కదా, బండి గ్రీజు ఉంది కదా అంటారు. వద్దు. ఇంత ఒత్తిడిలో నూనె ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. అంతకన్నా పెద్ద ప్రమాదం వెల్డింగు షాపులోని ఆక్సిజన్ సిలిండర్. దానితో గాలి నింపుకోవచ్చని ఎవరన్నా చెప్తే వాళ్ల మాట వినకండి. ప్రాణాలు పోతాయి. పొడి గాలి మాత్రమే నింపాలి.

బోరు మోటార్ల దుకాణంలో అదే సైజు రింగు ఐదు రూపాయలకే ఇస్తారు. కంటికి ఒకటే అనిపిస్తుంది. కానీ మందంలో వెంట్రుకంత తేడా ఉన్నా, రబ్బరు మెత్తదైనా, ఆ ఒత్తిడికి అది సందులోకి నలిగిపోతుంది. పిస్టల్ కంపెనీ రింగే తెప్పించుకోండి. తెప్పించేటప్పుడు నాలుగు తెప్పించుకోండి. పోస్టు ఖర్చు ఒకటే.

ట్రిగ్గర్ స్క్రూల మీదికి చెయ్యి పోనీయొద్దు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. రేంజిలో బరువు వేలాడదీసి చూస్తారు. ఇంట్లో తిప్పిన స్క్రూ అక్కడ బయటపడుతుంది.

మన ఎండలను కూడా లెక్కలో పెట్టుకోవాలి. 25 డిగ్రీల దగ్గర 200 బార్లు నింపిన సిలిండర్, ఎండలో ఆపిన కారులో 60 డిగ్రీలకు వేడెక్కితే లోపల 220 దాటుతుంది. అందుకే మే నెలలో దారిలో ఆగినప్పుడు పిస్టల్ పెట్టెను కారులో వదిలేసి హోటల్‌కు పోకండి. భుజానికి వేసుకొని పోండి. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది, మామూలుగా పదేళ్ల గడువు ఇస్తారు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు పిస్టల్ రంగు చూడకముందే ఆ తేదీ చూడండి.

చివరగా అమ్మలకు ఒక మాట. గుండ్లు సీసంతో చేస్తారు. ప్రాక్టీసు నుంచి వచ్చిన పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోకుండా కంచం ముందు కూర్చుంటే లేపి పంపించండి. పిస్టల్ ఒక బీరువాలో, గుండ్లు ఇంకో చోట తాళం వేసి పెట్టండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.

సెలవు. నమస్కారం.