పరికరం పోయింది, ఫైల్ ఇంకా తెరిచే ఉంది

(గుంటూరులో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం, కొత్తగా డ్రైవర్లు రాస్తున్నవారి కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మిర్చి యార్డులో ఒక ఎలక్ట్రానిక్ కాటా, పక్కన ఒక కంప్యూటర్, రెండిటినీ కలుపుతూ యూఎస్‌బీ వైరు ఉన్నాయనుకోండి. టిక్కీలు దించే హడావుడిలో ఎవరి కాలో తగిలి వైరు ఊడింది. తూకం ప్రోగ్రాం మాత్రం నడుస్తూనే ఉంది. అది తెరిచిన ఫైల్ ఇంకా దాని చేతిలోనే ఉంది. ఆ క్షణాన కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపల ఏం జరగాలన్నదే ఇవాళ్టి విషయం.

లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్‌లో పరికరం కనబడగానే ప్రోబ్ నడుస్తుంది, ఊడగానే డిస్‌కనెక్ట్ నడుస్తుంది. కొత్తగా రాసేవాళ్ళు ప్రోబ్‌లో మెమరీ తీసుకుని డిస్‌కనెక్ట్‌లో వదిలేస్తారు. పైకి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ పది నిమిషాల తర్వాత ప్రోగ్రాం ఫైల్‌ని మూస్తుంది. అప్పుడు రిలీజ్ ఫంక్షన్ పాత పాయింటర్ పట్టుకుని, ఎప్పుడో వదిలేసిన మెమరీలోకి వెళుతుంది. దీన్నే యూజ్-ఆఫ్టర్-ఫ్రీ అంటాం. ఆ చోటుని ఈలోగా ఇంకెవరూ వాడుకోకపోతే ఏమీ కాదు. వాడుకుంటే మనకు సంబంధం లేని ఇంకో సబ్‌సిస్టమ్ కూలుతుంది, నింద దాని మీద పడుతుంది. హాట్‌ప్లగ్ బగ్గులు, అంటే సిస్టమ్ నడుస్తుండగా పరికరం పెట్టినా పీకినా వచ్చే బగ్గులు, పట్టుకోవడం కష్టం కావడానికి పెద్ద కారణం ఇదే.

పరికరం ఆయుష్షు వేరు, దాని కోసం మనం కట్టిన స్ట్రక్చర్ ఆయుష్షు వేరు. ఉమ్మడి గదిలోంచి చివర వెళ్ళేవాడే తాళం వేయాలి కదా, ఇదీ అంతే. అందుకు కెర్నెల్ ఇచ్చిన సాధనం కేరెఫ్, అంటే ఆ స్ట్రక్చర్‌ని ఎంతమంది వాడుతున్నారో ఉంచే లెక్క. ప్రోబ్‌లో లెక్క 1తో మొదలవుతుంది. ఓపెన్ ఒకటి పెంచుతుంది, రిలీజ్ ఒకటి తగ్గిస్తుంది, డిస్‌కనెక్ట్ కూడా తనదొకటి తగ్గిస్తుంది. సున్నాకి తెచ్చినవాడే మెమరీ వదులుతాడు. ఓపెన్‌లో పాయింటర్ వెతకడానికీ లెక్క పెంచడానికీ మధ్య డిస్‌కనెక్ట్ దూరితే మళ్ళీ మొదటికే వస్తాం, కాబట్టి ఆ రెండు పనులూ ఒకే లాక్ కింద జరగాలి. కెర్నెల్ సోర్స్‌లో యూఎస్‌బీ స్కెలిటన్ అనే నమూనా డ్రైవర్ ఉంది. ఇంకేదీ చదవకపోయినా దాన్ని మాత్రం వరుస వరుసా చదవండి.

ఇక్కడే ఇంకో ఉచ్చు. డెవ్‌ఎమ్ రకం ఫంక్షన్లతో మెమరీ తీసుకుంటే దానంతటదే విడుదలవుతుందని సంతోషిస్తాం. అది విడుదలయ్యేది డ్రైవర్ పరికరం నుంచి విడిపోయినప్పుడు, చివరి ఫైల్ మూసినప్పుడు కాదు. క్యారెక్టర్ డివైజ్ (ఫైల్‌లా తెరిచి చదివే పరికరం) స్ట్రక్చర్‌ని అలా తీసుకుంటే పైన చెప్పిన బగ్‌ని చేజేతులా తెచ్చుకున్నట్టే.

ఇక డిస్‌కనెక్ట్‌లో పనుల వరుస. ముందు కొత్త ఓపెన్‌లు రాకుండా రిజిస్ట్రేషన్ తీసేయాలి. తర్వాత లాక్ పట్టుకుని ‘పోయింది’ అన్న ఫ్లాగ్ పెట్టి, లాక్ వదిలేయాలి. రీడ్‌లో నిద్రపోతున్నవాళ్ళని లేపాలి. వాళ్ళ వెయిట్ షరతులో ఈ ఫ్లాగ్ కూడా ఉండాలి, లేదంటే లేచి, డేటా లేదని చూసుకుని మళ్ళీ పడుకుంటారు. ఆపైన యూఆర్‌బీలు (పరికరానికి పంపే యూఎస్‌బీ అభ్యర్థనలు), టైమర్లు, వర్క్‌లు (తర్వాత చేయమని కెర్నెల్‌కి అప్పగించిన పనులు) ఆపాలి. చివర్లోనే కేరెఫ్ తగ్గించాలి. యూఆర్‌బీని అన్‌లింక్ చేస్తే రద్దు చేయమని అడిగినట్టు మాత్రమే, అది వెంటనే తిరిగొచ్చేస్తుంది. కిల్ అయితే కంప్లీషన్ హ్యాండ్లర్ (యూఆర్‌బీ తిరిగొచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పూర్తయ్యేదాకా ఆగుతుంది. మనకిక్కడ కావలసింది కిల్.

టైమర్ వర్క్‌ని లేపుతూ, వర్క్ మళ్ళీ టైమర్‌ని పెడుతూ ఉంటే ఒకదాన్ని ఆపేలోగా రెండోది దాన్ని బతికిస్తుంది. దీనికోసమే 6.2 కెర్నెల్‌లో టైమర్ షట్‌డౌన్ సింక్ వచ్చింది. దాని తర్వాత ఆ టైమర్‌ని ఎవరు పెట్టినా పడదు. ముందు అది, తర్వాత వర్క్ రద్దు.

లాక్ వదిలేయాలని ఎందుకు నొక్కి చెప్పానంటే, దాన్ని పట్టుకునే వర్క్ రద్దు కోసం ఎదురుచూస్తే, ఆ వర్క్‌కి కూడా అదే లాక్ కావాలంటే, ఇద్దరూ శాశ్వతంగా నిలిచిపోతారు. డిస్‌కనెక్ట్ నడిచేది హబ్ వర్క్‌క్యూలో, అంటే యూఎస్‌బీ పరికరాల రాకపోకలు చూసే పనుల వరుసలో. అది ఇరుక్కుంటే ఆ తర్వాత పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా కనబడకపోవచ్చు. లాగ్‌లో ఒక టాస్క్ 120 సెకన్లకు పైగా నిలిచిపోయిందన్న మాట కనబడితే మొదట ఇక్కడే వెతకండి.

వైరు ఊడిన క్షణానికీ, హబ్ దాన్ని గమనించి డిస్‌కనెక్ట్ పిలిచే క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆలోగా యూఆర్‌బీలు మైనస్ 71 వంటి ప్రోటోకాల్ లోపాలతో తిరిగొస్తాయి. ఏ లోపం వచ్చినా ఎర్రర్ మెసేజ్ రాసి వెంటనే మళ్ళీ పంపించే హ్యాండ్లర్ అయితే లాగ్ నిండిపోతుంది. కాస్త ఆగి పంపాలి, మెసేజ్‌లకు పరిమితి పెట్టాలి. మైనస్ 108 (పరికరం లేదా కంట్రోలర్ మూతపడిందన్న కోడ్) వస్తే అసలు మళ్ళీ పంపకూడదు.

కంప్యూటర్‌లో కార్డులు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో కథ వేరు. కార్డు పోయాక రిజిస్టర్ చదివితే ఎర్రర్ కోడ్ రాదు, అన్ని బిట్లూ 1లే వస్తాయి. ‘బిజీ’ బిట్ 0 అయ్యేదాకా తిరిగే లూప్ ఇక ఆగదు. అలాంటి ప్రతి లూప్‌కీ గడువు ఉండాలి. చదివిన విలువ మొత్తం 1లైతే, ఆ రిజిస్టర్‌కి అది సహజమైన విలువ కాకపోతే, కార్డు పోయినట్టే అనుకుని వెనక్కి రావాలి.

పరీక్ష ఎలాగంటే, కేఏసాన్ (మెమరీ తప్పులు పట్టుకునే సాధనం) ఆన్ చేసి కెర్నెల్ కట్టండి. అందులో జెనరిక్ రకం మెమరీలో ఎనిమిదో వంతు తీసుకుంటుంది, కానీ తప్పు జరిగిన చోటి మెమరీని ఎవరు తీసుకున్నారో, ఎవరు వదిలారో, ఎవరు ముట్టుకున్నారో మూడు స్టాక్‌లూ చూపిస్తుంది. లాక్‌ల వరుసలో తప్పులు పట్టే లాక్‌డెప్‌నీ, కేఆబ్జెక్ట్ (కెర్నెల్ లెక్కపెట్టి ఉంచే వస్తువు) విడుదలని కావాలని కొన్ని సెకన్లు ఆలస్యం చేసే డీబగ్ ఆప్షన్‌నీ కూడా ఆన్ చేయండి. వైరు చేత్తో పీకనక్కర్లేకుండా సిస్‌ఎఫ్‌ఎస్‌లో (పరికరాలను ఫైళ్ళుగా చూపే డైరెక్టరీలో) ఆ పరికరం కిందున్న ఆథరైజ్డ్ ఫైల్‌లో 0 రాస్తే డిస్‌కనెక్ట్ నడుస్తుంది, 1 రాస్తే తిరిగొస్తుంది. స్క్రిప్ట్‌లో పెట్టి వెయ్యిసార్లు తిప్పవచ్చు. కానీ అలా చేసినప్పుడు పరికరం ఇంకా కరెంటుతో బతికే ఉంటుంది, కాబట్టి మైనస్ 71 దారి పరీక్షకు రాదు. దానికి పోర్టు వారీగా పవర్ ఆపగలిగే హబ్ వాడాలి, లేదా చేత్తోనే పీకాలి.

ప్రతిసారీ ఫైల్ తెరిచి పెట్టుకుని, ఒకరు రీడ్‌లో నిద్రపోతుండగా పీకండి. పది సెకన్లు ఆగి మూయండి. తెరవకుండా ఎన్నిసార్లు పీకినా ఈ బగ్గులు బయటపడవు.

కాటా వైరు మళ్ళీ పెట్టాక పరికరం ఫైల్ పేరు టీటీవై యూఎస్‌బీ 0గా కాక 1గా రావడం చూసే ఉంటారు. పాత ఫైల్‌ని ప్రోగ్రాం ఇంకా మూయలేదు, అందుకే 0 ఖాళీ కాలేదు. దానికి డ్రైవర్ని దిద్దకండి. ప్రోగ్రాం రీడ్‌లో లోపం గానీ, ఫైల్ అయిపోయినట్టు సున్నా బైట్లు గానీ రాగానే ఫైల్ మూసి, సీరియల్ బై-ఐడీ డైరెక్టరీలోని స్థిరమైన పేరుతో మళ్ళీ తెరిస్తే చాలు.