మ్యూజియంలో చేతిపని బల్ల: తోటివాళ్లకు ‘బాగుంది’ కాక ఇంకేం చెప్పాలి?

(తెర మీద: ఒక బల్ల. దాని మీద గింజ తీయని పత్తి, ఏకులు (వడకడానికి చుట్టిన దూది వత్తులు), తకలి (చేత్తో తిప్పి నూలు వడికే చిన్న కదురు). రెండు చేతులు మాత్రమే కనిపిస్తాయి.)

నమస్కారం. మ్యూజియం చూడ్డానికి వచ్చేవాళ్లతో కాసేపు చేతిపని చేయించాలని మీరొక కార్యక్రమం తయారుచేశారనుకుందాం. ఆదివారం జనం వస్తారు. రెండు రోజుల ముందు తోటి వాలంటీర్‌ని కూర్చోబెట్టి చేయించి, ‘ఎలా ఉంది తమ్ముడూ?’ అని అడిగారు.

‘బావుందక్కా, ఏటీ ప్రాబ్లం లేదు.’

అక్కకి సంతోషం, తమ్ముడికి టీ. ఆదివారం పిల్లలు మాత్రం తమ్ముడు తడబడిన చోటే తడబడతారు. ఆయన తడబడ్డాడు, చెప్పలేదంతే.

(తెర మీద: తకలి పట్టుకోవడం తెలియక తిప్పి తిప్పి చూస్తున్న చేతులు.)

అందుకే నోటి మాట కంటే ముందు చేతులు చూడండి. ఎక్కడ ఆగాయి? ఏ వస్తువు కోసం వెతికాయి? సూచనల కాగితం మళ్లీ ఎప్పుడు చదివారు? ఇదంతా జరుగుతున్నంతసేపూ తయారుచేసినవాళ్లు నోరు మెదపకూడదు. మనకిది పెద్ద పరీక్షే. ఎదుటి మనిషి తికమకపడుతుంటే ‘అలా కాదమ్మా, ఇలా’ అనకుండా ఉండలేం. కానీ ఆదివారం ఒక్కో బల్ల దగ్గర పదిమంది ఉంటారు, అందరికీ చెప్పడానికి మీరొక్కరే ఉంటారు.

(తెర మీద: పొందూరు ఖద్దరు పంచె, పక్కన వాలుగ చేప దవడ.)

ఇప్పుడు అసలు చిక్కు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసే ఖద్దరు మీద ప్రదర్శన పెట్టారనుకుందాం. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. తర్వాత గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద వంద కౌంటు దాకా (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) సన్నటి నూలు వడుకుతారు. మీ బల్ల మీద తకలి పెట్టారు. చేసి చూసినవాళ్లు ‘దారం ఊరికే తెగిపోతోంది, ఈ పని తీసేయండి’ అన్నారు.

తీసేయాలా? తొందరపడొద్దు. ఎందుకు తెగుతోందో అడగండి. ఫ్యాను గాలి నేరుగా బల్ల మీదికి కొడుతోందా, ఏకులు గట్టిగా నలిగిపోయి ఉన్నాయా, వెలుతురు చాలక నూలు కనిపించడం లేదా? ఇవి మనం తెచ్చిపెట్టిన ఇబ్బందులు, ఈరోజే సరిచేయొచ్చు. అవేవీ లేకుండా తెగుతుంటే మాత్రం అది వడకడంలోనే ఉన్న కష్టం. దాన్ని ఉంచాలని నా అభిప్రాయం. చేతిలో దారం నాలుగుసార్లు తెగిన మనిషి అద్దాల బీరువాలోని పంచెను ఊరికే దాటిపోడు. మరీ చిన్నపిల్లలుంటే వాళ్లకి గింజలు తీసే పని ఇవ్వండి, హాయిగా చేస్తారు.

(తెర మీద: అట్టముక్కలతో అతికించిన చిన్న వీణ.)

ఇంకో బల్ల మీద బొబ్బిలి వీణ. అట్టముక్కలు కత్తిరించి, జిగురు పెట్టి అతికించడం. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ ఆ వీణలు తయారయ్యే గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. మన బల్ల మీదేమో ముక్కలు కలుపుతున్నాం. చేతికి నేర్పేది తిరగబడింది. దీన్ని ‘ఐడియా బాలేదు’ అంటే ఎదుటివాళ్లు ముడుచుకుపోతారు. ‘వీణ ఒకే చెక్కలోంచి వస్తుందని ఇది చేసినవాళ్లకి ఎలా తెలుస్తుంది?’ అని అడిగితే ఆలోచనలో పడతారు. మెత్తటి సబ్బుబిళ్లను ఐస్‌క్రీం పుల్లతో తొలిపించడం లాంటి సలహా ఉంటే ఆ తర్వాత, అదీ వాళ్లడిగితే చెప్పండి. జిగురు ఆరేదాకా పిల్లల్ని తీసుకెళ్లే బస్సు ఆగదని కూడా గుర్తుచేయండి!

సవరలనే ఆదివాసుల గోడబొమ్మల విషయంలో అడగాల్సింది వేరు. అవి పూజతో ముడిపడిన బొమ్మలు. ఆ సంగతి చెప్పకుండా ‘కర్రమనిషి బొమ్మలు వేయండి’ అంటే, ఎంత అందంగా వచ్చినా ఆ బల్ల పని చేయనట్టే.

(తెర మీద: పెద్దాయన, ఎదురుగా కాలేజీ అమ్మాయి.)

బల్ల తయారుచేసింది రిటైరైన మాస్టారైతే? ‘తప్పండీ’ అనడానికి నోరు రాదు. అనక్కర్లేదు. ‘మాస్టారూ, మూడో సూచన దగ్గర నా చెయ్యి ఆగిపోయిందండి, ముడి ఎటువైపు వేయాలో అర్థం కాలేదు’ అంటే చాలు. ఆ అమ్మాయి చెబుతున్నది తన చేతి సంగతి, ఆయన తెలివి సంగతి కాదు. మార్చాలా వద్దా అన్నది మాస్టారే చూసుకుంటారు. వెంటనే సంజాయిషీ మొదలుపెట్టకుండా రాసుకోవడం మాత్రం ఆయన వంతు.

మార్పులు చేశాక మళ్లీ చేయించి చూడండి. అయితే అదే మనిషితో కాదు, ఆయనకి ఇప్పటికే పని వచ్చేసింది. టికెట్ కౌంటర్ దగ్గరున్నాయన్నో, బయట టీ కొట్టు నడిపే ఆవిడనో పిలవండి.

(తెర మీద: కొత్త చేతులు తకలిని అందుకుంటాయి.)